లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో కంప్రెషన్ తగ్గితే: బోర్ కిట్ కొనే ముందు చూడాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 125 సీసీ, ఒకే సిలిండర్, ఎయిర్ కూల్డ్, కార్బురేటర్ బండి. 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేయాలంటే కిక్కు మీద కిక్కు కొట్టాలి, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదు, కంప్రెషన్ గేజ్ పెడితే 95 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) చూపించింది. మెకానిక్ వెంటనే బోర్ కిట్ (సిలిండర్, పిస్టన్, రింగుల సెట్) మార్చేద్దామన్నారు. మార్పించాలా, వద్దా?

ఇప్పుడే చెప్పలేం. గాలి పోతోందని మాత్రమే గేజ్ చెబుతుంది, ఎటు పోతోందో చెప్పదు. పోవడానికి ఐదు దారులున్నాయి: పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి, ఇన్‌లెట్ వాల్వు లోంచి కార్బురేటర్ వైపు, ఎగ్జాస్ట్ వాల్వు లోంచి సైలెన్సర్ వైపు, హెడ్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ లోంచి, ప్లగ్గు మర లోంచి. వీటికి తోడు, గాలి అసలు సరిపడా లోపలికి రాకపోయినా అంకె తగ్గుతుంది. బోర్ కిట్ బాగుచేసేది వీటిలో మొదటి దారి ఒక్కటే. వాల్వు కారుతున్న ఇంజన్‌కి కొత్త బోరు వేస్తే డబ్బు ఖర్చవుతుంది, బండి మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి హెడ్ విప్పకుండానే దారి పట్టుకోవాలి. అది కష్టమేమీ కాదు, ఓపికగా వరస తప్పకుండా చూస్తే చాలు.

ముందు ఆ 95ని నమ్మొచ్చా అన్నది తేల్చుకోండి. తప్పుడు కొలత వల్ల విప్పిన మంచి ఇంజన్లు తక్కువేం లేవు.

కొలిచేటప్పుడు ఇంజన్ వెచ్చగా ఉండాలి. పది నిమిషాలు నడిపి ఆపి, ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊది, అప్పుడు ప్లగ్గు తీయాలి. ఊదకుండా తీస్తే అక్కడి ఇసుక సిలిండర్లో పడుతుంది, చిన్న రేణువు వాల్వు సీటు మీద ఇరుక్కున్నా కంప్రెషన్ పోతుంది. పెట్రోలు కాక్ మూసేయండి. ప్లగ్గుని దాని క్యాపులోనే ఉంచి, ప్లగ్గు లోహపు ఒళ్లు ఇంజన్‌కి తగిలేలా, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టండి, లేదా ఇగ్నిషన్ కనెక్టర్ ఊడదీయండి. ఎర్త్ తగలకుండా స్పార్క్ గాల్లో కొడితే కాయిల్, సీడీఐ (స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) పాడవుతాయి. పైగా రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి వస్తుంటుంది కాబట్టి మంట భయం కూడా ఉంది. ఇంజెక్షన్ బండి అయితే ఇంజెక్టర్ కనెక్టర్ కూడా తీసేయాలి.

చోక్ లాగకుండా, పూర్తిగా తెరిచి ఉంచి, యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి పట్టుకోవాలి. ఇది మరిచిపోతే సిలిండర్లోకి వచ్చే గాలే తక్కువ, అంకె సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. వాక్యూమ్ పిస్టన్ ఉన్న కార్బురేటర్‌తో ఇంకో చిక్కుంది. కేబుల్ లాగితే అందులో బటర్‌ఫ్లై మాత్రమే తెరుచుకుంటుంది, స్లయిడ్ కిందే ఉంటుంది. కిక్కు వేగానికి అది లేవదు. ఎయిర్ ఫిల్టర్ వైపు పైపు తీసి స్లయిడ్‌ని వేలితో పైకెత్తి పట్టుకోవాలి, లేదా కార్బురేటర్ పక్కకి తీసి కొలవాలి.

తర్వాత గేజ్ సంగతి. ప్లగ్గు మర 10, 12, 14 మి.మీ.లలో ఏదో ఒకటి ఉంటుంది. సరైన అడాప్టర్ కావాలి, దాని పొడవు ప్లగ్గు మర పొడవుని మించకూడదు. రబ్బరు మొన చేత్తో నొక్కి పట్టే గేజ్ ఒంటరిగా ఉన్నప్పుడు పనికిరాదు, కిక్కు కొడుతూ దాన్ని గట్టిగా అదమలేరు. అంతకంటే ముఖ్యం, గాలిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు గేజ్ పైపులో ఎక్కడుందో చూడండి. అది ప్లగ్గు చివర ఉండాలి. గేజ్ చివర ఉంటే పైపులోని ఖాళీ అంతా కంబశ్చన్ చాంబర్‌కి కలిసిపోతుంది. కారుకి అది లెక్కలోకి రాదు, చిన్న బండికి చాలా తేడా చేస్తుంది. లెక్క చూడండి: 125 సీసీ ఇంజన్, కంప్రెషన్ రేషియో (గాలి ఎన్నో వంతుకి నొక్కుకుంటుందో చెప్పే అంకె) 9.5 అనుకుంటే, పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ 14.7 సీసీ. అడాప్టర్, పైపు కలిసి ఇంకో 2 సీసీ కలిపితే రేషియో 8.5కి పడిపోతుంది. ఇంజన్లో ఏ లోపమూ లేకుండానే అంకె తగ్గినట్టే. అందుకే వేరే గేజ్‌తో తీసిన కొలతతో పోల్చొద్దు, అన్ని పరీక్షలూ ఒకే గేజ్‌తో చేయండి.

కిక్కు గట్టిగా ఆరేడు సార్లు, ముల్లు ఇక పైకి పోనంత వరకు కొట్టాలి. సెల్ఫ్ స్టార్ట్‌తో అయితే బ్యాటరీ నిండుగా ఉండాలి. చివరి అంకె ఒక్కటే కాదు, ముల్లు ఎలా ఎక్కిందో కూడా రాసుకోండి. రింగులు అరిగితే మొదటి కిక్కుకి తక్కువ చూపించి, తర్వాత ఒక్కో కిక్కుకీ కొంచెం కొంచెంగా ఎక్కుతూ పోతుంది, కానీ ఉండాల్సిన చోటికి చేరదు. వాల్వు కారితే మొదటి కిక్కుకే తక్కువ, తర్వాత ఎన్ని కొట్టినా పెద్దగా కదలదు. ఇది తీర్పు కాదు, మంచి సూచన మాత్రమే.

ఈ తరగతి ఇంజన్లలో ఆరోగ్యంగా ఉన్నవి మామూలుగా 150 నుంచి 190 పీఎస్ఐ మధ్య చూపిస్తాయి. కచ్చితమైన అంకెకి మీ బండి సర్వీస్ మాన్యువలే ఆధారం. కేజీ లెక్కలో రాసి ఉంటే 14.2తో గుణించండి. ఎత్తైన ప్రాంతంలో ఉంటే ప్రతి 300 మీటర్లకి సుమారు 3 శాతం తగ్గించుకోవాలి. క్యామ్ షాఫ్ట్ మీద ఆటోమేటిక్ డీకంప్రెసర్ ఉన్న ఇంజన్ అయితే, స్టార్టింగ్ వేగంలో అది కావాలనే ఎగ్జాస్ట్ వాల్వుని కొద్దిగా తెరిచి పెడుతుంది. అలాంటి బండికి మాన్యువల్ ఇచ్చే అంకే చాలా తక్కువగా ఉంటుంది, పక్క బండితో పోల్చి కంగారు పడొద్దు.

మరో సంగతి. స్టార్ట్ కాక చోక్ లాగి చాలాసేపు కొట్టిన బండిలో పెట్రోలు బోరు గోడ మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది. రింగులు బాగున్నా అప్పుడు అంకె పడిపోతుంది. ప్లగ్గు తడిగా ఉంటే దాన్ని ఆరనిచ్చి, బండి స్టార్ట్ చేసి నడిపాకే కొలవండి.

ఇవన్నీ సరిచూసినా 95 దగ్గరే ఉందనుకుందాం. ఇప్పుడు ట్యాపెట్లు, అంటే వాల్వుని నొక్కే మీటకీ (రాకర్) వాల్వు కాడ కొసకీ మధ్య సన్న గ్యాప్‌ని సరిచేసే స్క్రూలు.

ఎక్కువ తిరిగిన బండిలో నేను మొట్టమొదట అనుమానించేది ఎగ్జాస్ట్ ట్యాపెట్ బిగుసుకోవడాన్ని. ఏళ్ల తరబడి వాల్వు సీటుని కొడుతూ ఉంటే సీటు, వాల్వు అంచు రెండూ అరిగి వాల్వు హెడ్‌లోకి కొద్దికొద్దిగా దిగబడుతుంది. అటు దిగబడినంత మేరా కాడ చివర రాకర్ వైపు పైకొస్తుంది. గ్యాప్ పెరగదు, తగ్గుతుంది. చివరికి సున్నా అవుతుంది. అప్పుడు ఇంజన్ వేడెక్కి కాడ సాగగానే వాల్వు పూర్తిగా మూసుకోదు. వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకి ఆనుకున్నప్పుడే వదిలించుకుంటుంది. ఆనడం మానేస్తే అంచు మాడుతుంది, మాడిన చోటు నుంచి గాలి ఇంకా పోతుంది. ట్యాపెట్ టకటక శబ్దం వస్తే బండిని పట్టుకుని పరిగెత్తేవాళ్లు, శబ్దమే రాకపోతే సంతోషిస్తారు. ఇంజన్‌కి చేటు చేసేది ఈ రెండోదే. లక్ష దాటిన బండి హెడ్ మరీ నిశ్శబ్దంగా ఉంటే ఫీలర్ గేజ్ (సన్న గ్యాప్ కొలిచే రేకుల పత్తీ) తీయాల్సిందే.

దీన్ని రోడ్డు మీద కూడా గుర్తుపట్టొచ్చు. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అయి, వేడెక్కాక ఐడిల్ పడిపోవడం, ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయించడం బిగుసుకున్న ట్యాపెట్ లక్షణం. రింగులు అరిగితే దీనికి తిరగబడి ఉంటుంది: రాత్రంతా ఆగాక, గోడ మీది ఆయిల్ జారిపోయాక కష్టంగా స్టార్ట్ అవుతుంది, ఒకసారి తిరిగాక ఫర్వాలేదు. పైన చెప్పిన బండి పొద్దున్నే మొరాయిస్తోంది కాబట్టి రింగుల మీద కొంచెం అనుమానం పెట్టుకోవచ్చు. దానితోనే తేల్చేయకూడదు, ఎందుకంటే గ్యాప్ పూర్తిగా పోయిన వాల్వు చల్లగా ఉన్నా కారుతుంది.

ట్యాపెట్ చూసేది పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద. మ్యాగ్నెట్ కవర్ మూతలు రెండూ, హెడ్ మీది మూతలూ తీసి, బాక్స్ స్పానర్‌తో ఇంజన్ మామూలుగా తిరిగే వైపే తిప్పండి. మ్యాగ్నెట్ మీది టీ గుర్తు (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిందని చెప్పేది) కేసింగ్ గీత దగ్గరికి రాగానే ఆపండి. ఆ గుర్తు ప్రతి చుట్టుకీ వస్తుంది, రెండు చుట్లలో ఒకటే కంప్రెషన్‌ది. రెండు రాకర్లనీ వేళ్లతో పట్టి ఊపండి. రెండూ వదులుగా కదిలితే అదే సరైన చోటు. ఒకటి నొక్కుకుని ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్లీ చూడండి. అప్పుడు కూడా కదలకపోతే ఆ ట్యాపెట్ బిగుసుకుపోయిందన్నమాట. చిన్న ఇంజన్లలో గ్యాప్ సాధారణంగా 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్య ఉంటుంది. ఇన్‌లెట్‌కీ ఎగ్జాస్ట్‌కీ వేరుగా ఉండొచ్చు, మాన్యువల్ చూడండి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కొంచెం కదులుతుంది కాబట్టి బిగించాక మళ్లీ కొలవాలి. రాకర్ కొన కాడ తగిలే చోట గుంట పడితే ఫీలర్ పత్తీ గుంట అంచుల మీద ఆని, అసలు గ్యాప్ కంటే తక్కువ చూపిస్తుంది. అలా గుంట పడిన స్క్రూ మార్చేయడమే మేలు.

మూతలు తెరిచే ఉన్నాయి కాబట్టి క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకుని మూసుకునే సమయం) కూడా చూసేయండి. టీ గుర్తు కుదిరినప్పుడు క్యామ్ స్ప్రాకెట్ గుర్తు కూడా హెడ్ మీద దాని చోట కుదరాలి. లక్ష కిలోమీటర్లకి టైమింగ్ చైన్ సాగి, టెన్షనర్ బలహీనపడి, ఒక పన్ను దూకి ఉండొచ్చు. 32 పళ్ల స్ప్రాకెట్‌కి ఒక పన్ను అంటే క్రాంక్ దగ్గర 22.5 డిగ్రీలు. క్యామ్ ఆలస్యమైతే ఇన్‌లెట్ ఆలస్యంగా మూసుకుంటుంది, పైకొస్తున్న పిస్టన్ లోపలికొచ్చిన గాలిని తిరిగి కార్బురేటర్‌లోకే తోసేస్తుంది. రింగులు, వాల్వులు అన్నీ కొత్తవైనా కంప్రెషన్ రాదు. స్పార్క్ టైమింగ్ మ్యాగ్నెట్ నుంచి వస్తుంది కాబట్టి అది సరిగ్గానే ఉంటుంది, అందుకే చాలామంది ఇటు చూడరు.

ట్యాపెట్ సరిచేశాక మళ్లీ వెచ్చచేసి కొలవండి. 95 కాస్తా 140 దాటితే బోర్ కిట్ మాట వదిలేయండి. వంద, రెండొందల కిలోమీటర్లు నడిపి గ్యాప్ మళ్లీ చూడండి. అప్పటికే తగ్గిపోయి ఉంటే సీటు వేగంగా అరుగుతోందని అర్థం, వాల్వుల పని దగ్గర పడింది.

అంకె కదలలేదా? తడి పరీక్షకి వెళ్లండి. ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి, అది రింగుల చుట్టూ పాకేలా గేజ్ లేకుండా రెండు మూడు సార్లు తిప్పి, తర్వాత గేజ్ పెట్టి కొలవడమే ఈ పరీక్ష. రింగుల పక్కనుంచి పోయే గాలిని ఆయిల్ తాత్కాలికంగా ఆపుతుంది, వాల్వుల దగ్గర ఏమీ చేయలేదు. ఆయిల్ పోశాక బాగా పెరిగితే రింగులు లేదా బోరు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. ఇంతవరకు అందరూ చెప్పేదే. ఎంత ఆయిల్ అన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఒక చెంచా అంటే 5 మి.లీ. ఇందాకటి లెక్కలో ఖాళీయే 14.7 సీసీ. అందులో 5 ఆయిల్ ఆక్రమిస్తే రేషియో 9.5 నుంచి దాదాపు 14కి ఎగబాకుతుంది. రింగులు బాగున్నా అంకె అమాంతం పెరుగుతుంది, మీరు రింగులదే తప్పనుకుంటారు. ఈ సైజు ఇంజన్‌కి 2 మి.లీ. చాలు, సూది లేని సిరంజితో కొలిచి పోయండి. ఆ రెండు మి.లీ. వల్ల కూడా కొంత పెరుగుదల వస్తుంది కాబట్టి 10, 15 పీఎస్ఐ తేడాని లెక్కలోకి తీసుకోవద్దు. 95 నుంచి 130, 140కి వెళ్తేనే రింగులని గట్టిగా అనండి.

సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉండే ఇంజన్లలో ఈ పరీక్షని నేను నమ్మను. ఆయిల్ కింది వైపుకి జారి అక్కడే నిలుస్తుంది, రింగు పై సగం పొడిగానే ఉంటుంది. వాటికి నేరుగా గాలి పరీక్షే చేయాలి.

గాలి పరీక్ష, అంటే లీక్‌డౌన్. వీటన్నిటిలో ఇదే పెద్ద దిక్కు. పిస్టన్‌ని కంప్రెషన్ టీడీసీ (రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటు) దగ్గర ఆపి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపి, అది ఎటు నుంచి బయటికొస్తోందో వినడం. రెండు గేజ్‌ల లీక్‌డౌన్ టెస్టర్ ఉంటే 100 పీఎస్ఐ ఇచ్చి రెండో గేజ్‌లో ఎంత తగ్గిందో చూడాలి. పది శాతం లోపు చాలా మంచిది, 20 వరకు తిరిగిన ఇంజన్‌కి ఫర్వాలేదు, 30 దాటితే పని ఉన్నట్టే. ఇలాంటి టెస్టర్లలో మధ్యన ఉండే సన్న రంధ్రం సైజుని బట్టి శాతం మారుతుంది, కాబట్టి అంకె కంటే శబ్దం వచ్చే చోటే ముఖ్యం. టెస్టర్ లేకపోయినా పని ఆగదు. పాత ప్లగ్గు లోపలి పింగాణీ తీసేసి, దాని ఒంటికి గాలి పైపు బిగించుకుంటే 30 పీఎస్ఐతోనే లీకు వినిపిస్తుంది.

ఇక్కడ జాగ్రత్త తప్పనిసరి. 52 మి.మీ. బోరులో 100 పీఎస్ఐ అంటే పిస్టన్ మీద సుమారు 150 కిలోల తోపు. పిస్టన్ టీడీసీకి కొంచెం అటూ ఇటూ ఉన్నా క్రాంక్ గిర్రున తిరుగుతుంది. మ్యాగ్నెట్ నట్టు మీద వదిలేసిన స్పానర్ మణికట్టు విరగ్గొట్టగలదు. స్పానర్ తీసేసి, బండిని టాప్ గేరులో పెట్టి, వెనక బ్రేకు ఎవరైనా నొక్కి పట్టుకున్నాకే గాలి వదలండి, అదీ కొద్దికొద్దిగా పెంచుతూ. 30 పీఎస్ఐ దగ్గరే తోపు 45 కిలోలు ఉంటుంది, దాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు.

ఇప్పుడు వినండి. కార్బురేటర్ నోట్లో సుయ్‌మంటే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సర్ చివర వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, అరచేయి అడ్డం పెడితే గాలి తగులుతుంది. ఆయిల్ మూత తీసి చెవి పెడితే శబ్దం వస్తే రింగులు. ఏ ఇంజన్లోనూ రింగుల దగ్గర లీకు సున్నా ఉండదు, రింగు చివరల మధ్య సందు ఉంటుంది కదా. కాబట్టి ఆయిల్ మూత దగ్గర సన్నని సవ్వడి మామూలే, హోరు వస్తే మాత్రం కాదు. వాల్వుల వైపు నుంచి అయితే చిన్న సవ్వడి కూడా రాకూడదు. హెడ్, సిలిండర్ కలిసే గీత చుట్టూ, ప్లగ్గు అడాప్టర్ చుట్టూ సబ్బునీళ్లు పూయండి, బుడగలు వస్తే దారి దొరికినట్టే. లిక్విడ్ కూల్డ్ బండి అయితే రేడియేటర్ మూత తీసి బుడగల కోసం చూడాలి.

ఒక ఉచ్చు ఉంది. హెడ్ గ్యాస్కెట్ బయటికి కాకుండా టైమింగ్ చైన్ దిగే సొరంగం వైపు పేలితే, గాలి ఆ సొరంగంలోంచి కింది కేసులోకి వెళ్లి ఆయిల్ మూత దగ్గరే వినిపిస్తుంది. అచ్చం రింగుల్లాగే. విడదీసేది తడి పరీక్షే: రింగులైతే ఆయిల్ పోస్తే హోరు తగ్గుతుంది, గ్యాస్కెట్ అయితే తగ్గదు. ఆయిల్ మూత దగ్గర హోరు ఉండి, తడి పరీక్షలో కంప్రెషన్ పెరగకపోతే బోరు వంక చూడకుండా ముందు హెడ్ ఎత్తి గ్యాస్కెట్ చూడండి. మసి చార ఎటు వెళ్లిందో దాని మీదే కనిపిస్తుంది.

ఎగ్జాస్ట్ వాల్వు కారుతోందని తేలినా వెంటనే హెడ్ దించక్కర్లేదు. సీటు మీద మసి ముక్క ఇరుక్కుని ఉండొచ్చు. గాలి ఉండగానే వాల్వు కాడ పైన ప్లాస్టిక్ సుత్తితో రెండు మెత్తని దెబ్బలు వేయండి, వాల్వు ఎగిరి కూర్చుంటుంది. సవ్వడి ఆగిపోతే మసే. ఆగకపోతే అంచు మాడి ఉంటుంది, లేదా గైడు అరిగి వాల్వు వంకరగా కూర్చుంటోంది.

పొగ గురించి ఒక మాట, ఎందుకంటే నీలం పొగ కనబడగానే కంప్రెషన్ పోయిందనేస్తారు. స్టార్ట్ చేసిన క్షణంలో, లేదా దిగుడులో యాక్సిలరేటర్ మూసి మళ్లీ తిప్పినప్పుడు గుప్పున వచ్చి పోయే పొగ వాల్వు సీళ్లదీ గైడ్లదీ. సీలు పోతే ఆయిల్ తాగుతుంది కానీ కంప్రెషన్ తగ్గదు. లాగుతున్నంతసేపూ వచ్చే పొగ, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి బ్రీదర్ పైపు గుండా ఆయిల్ రావడం రింగుల వైపు చూపిస్తాయి.

రింగులే అని తేలితే, సిలిండర్ పీకే ముందు ఒక అవకాశం ఇవ్వొచ్చు. నెమ్మదిగా, దగ్గర దూరాలు తిరిగిన బండిలో రింగులు అరగకుండానే గాడిలో మసి పట్టి అతుక్కుపోతాయి. ప్లగ్గు రంధ్రంలో మసిని కరిగించే ద్రవం పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు ప్లగ్గు లేకుండా తిప్పి బయటికి చిమ్మించి, ఇంజన్ ఆయిల్ మార్చి నడపండి. ఆయిల్ మార్చకుండా మాత్రం స్టార్ట్ చేయొద్దు, ఆ ద్రవం కిందికి దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది. అతుక్కున్న రింగు అయితే కోలుకోవచ్చు, అరిగిన రింగుకి ఇది మందు కాదు.

విప్పాక కంటితో చూసి తీర్పు చెప్పేవాళ్లని నమ్మకండి, కొలతలు అడగండి. బోరు గేజ్ లేకపోయినా అరుగుదల తెలుసుకునే తేలిక మార్గం పై రింగే. దాన్ని బోరులో పెట్టి పిస్టన్ తలతో సమానంగా కిందికి నెట్టి, రింగు ఎప్పుడూ తిరగని అడుగు భాగంలో చివరల సందు కొలవండి. తర్వాత పై నుంచి సుమారు 10 మి.మీ. లోతులో, రింగు ఎక్కువగా అరగదీసే చోట కొలవండి. రెండింటి తేడాని 3.14తో భాగిస్తే బోరు వ్యాసం ఎంత పెరిగిందో వస్తుంది. కింద 0.25, పైన 0.56 వచ్చిందనుకోండి, తేడా 0.31, బోరు పైన 0.10 మి.మీ. అరిగింది. ఈ సైజు ఇంజన్లకి అది రింగులు మార్చి సరిపెట్టే స్థితి కాదు. కొత్త రింగు అక్కడ పైన విచ్చుకుని కింద ముడుచుకుంటూ తిరుగుతుంది, గోడకి సరిగా ఆనదు, కొన్ని వేల కిలోమీటర్లకే మళ్లీ మొదటికొస్తుంది. బోరు పైఅంచున వేలి గోటికి మెట్టు తగిలితే ఇంకా ప్రమాదం, కొత్త రింగు పదునైన అంచు ఆ మెట్టుకి కొట్టుకుని విరుగుతుంది.

కొత్త రింగు సందు చిన్న బోర్లలో 0.10 నుంచి 0.30 ఉంటుంది, చాలా మాన్యువళ్లు 0.5 దగ్గర హద్దు గీస్తాయి. పిస్టన్‌ని పిన్నుకి అడ్డంగా, కింది అంచుకి పది మి.మీ. పైన కొలవాలి. బోరుకీ దానికీ తేడా 0.10 చేరితే పిస్టన్ కూడా మార్చాల్సిందే. పై రింగు గాడి వెడల్పయిందేమో కొత్త రింగు పెట్టి ఫీలర్‌తో చూడండి. గాడి అరిగిన పిస్టన్‌లో కొత్త రింగు పైకీ కిందికీ కొట్టుకుంటూ ఆయిల్‌ని పైకి తోడుతుంది.

ఇనప లైనర్ ఉంటే అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని 0.25, 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్లకి బోరు కొట్టించొచ్చు. ఏ సైజు పిస్టన్ దొరుకుతుందో ముందు చూసి, ఆ పిస్టన్ చేతికొచ్చాక దాని కొలత ప్రకారమే బోరు తీయించాలి. అల్యూమినియం మీద నికెల్ పూత ఉన్న సిలిండర్‌ని మామూలుగా బోరు కొట్టకూడదు. పూత లేచిపోతే మళ్లీ పూత వేయించాలి, లేదా సిలిండర్ మార్చాలి.

సిలిండర్ బయట ఉండగా కనెక్టింగ్ రాడ్‌ని పట్టి నిట్టనిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకి కొద్దిగా జరగడం సహజం, నిలువుగా టక్‌మని ఆట తెలిసిందంటే బిగ్ ఎండ్ (క్రాంక్ దగ్గరి రాడ్ బేరింగ్) పోయింది. దాని మీద కొత్త బోర్ కిట్ వేయడం శుద్ధ దండగ. క్రాంక్ పని కూడా కలిపి చేయించుకోగలిగితేనే ముందుకెళ్లండి.

హెడ్ విషయంలో పరీక్ష ఇంకా తేలిక. ప్లగ్గు బిగించి, హెడ్‌ని బోర్లా పెట్టి, కంబశ్చన్ చాంబర్లో పెట్రోలు నింపి, రెండు పోర్టుల్లోకి తొంగి చూడండి. ఐదు నిమిషాల్లో చెమ్మ కూడా రాకూడదు. ల్యాపింగ్ (వాల్వుని సీటు మీద పేస్టుతో రుద్దడం) చేశాక సీటు మీద బూడిద రంగు పట్టీ చుట్టూ తెగకుండా, 1 మి.మీ. వెడల్పున రావాలి. రెండు దాకా వెడల్పయితే ఇంకా రుద్దడం వల్ల ప్రయోజనం లేదు, అది కట్టర్‌తో తీయాల్సిన పని. కాడ గైడులో పక్కలకి ఊగుతుంటే ముందు గైడు, తర్వాతే సీటు.

బోరు, రింగులు మార్చేటప్పుడు హెడ్‌ని అలాగే ఎక్కించకండి, లక్ష కిలోమీటర్ల వాల్వులకి కనీసం పెట్రోలు పరీక్ష చేయండి. గ్యాస్కెట్లు, పిన్ను సర్క్లిప్పులు ఎలాగూ కొత్తవే వేయాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, బోరు అరగడానికి కారణం చాలాసార్లు దుమ్మే. కార్బురేటర్ తీసినప్పుడు ఇన్‌లెట్ పైపు లోపల వేలు పెట్టి రాయండి. గరగరలాడితే ఫిల్టర్ చిరిగింది, లేదా రబ్బరు బూటు పగిలింది. అది సరిచేయకుండా వేసిన కొత్త బోరు పాతదానిలాగే పోతుంది.

హోనింగ్ చేసిన (రాయితో రుద్ది సన్న గీతలు తీసిన) బోరుని పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో తుడిచి ఎక్కించేస్తుంటారు. గీతల్లో ఇరుక్కున్న రాపిడి పొడి వాటికి రాదు. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో కడిగి, ఆయిల్ తడిపిన తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. మసక కనిపిస్తే మళ్లీ కడగండి. రింగుల మీద అక్షరం ఉన్న వైపు పైకి, మూడు సందులు 120 డిగ్రీల ఎడంతో, పిస్టన్ మీది గుర్తు మాన్యువల్ చెప్పిన వైపుకి ఉండాలి. హెడ్ నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితోనే బిగించాలి.

స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో గంటలు గంటలు వదిలేయొద్దు. రింగులు గోడకి కుదురుకోవాలంటే వాటి వెనక ఒత్తిడి కావాలి, అది లోడు మీదే వస్తుంది. వేగం మారుస్తూ, పూర్తి యాక్సిలరేటర్ ఎక్కువసేపు పట్టకుండా నడపండి. 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చి, ట్యాపెట్లు చల్లారాక మళ్లీ చూసి, అదే గేజ్‌తో, అలాగే వెచ్చచేసి, మళ్లీ కొలిచి ఆ అంకె రాసి పెట్టుకోండి. బిగించిన రోజు వచ్చిన దానికంటే ఇది ఎక్కువ ఉండాలి. తగ్గితే వాల్వు గ్యాప్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి.